గొర్రె రక్తకణాల పొరలో స్పిన్ లేబుల్: ఈ మూడు సన్న గీతలు ఎక్కడివి?

అనంత_బయోకెమ్:
అందరికీ నమస్కారం. అనంతపురంలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. ఎర్ర రక్తకణాల పొరలో ప్రొటీన్లు తమ పక్కనున్న లిపిడ్లను (పొరను కట్టే కొవ్వు అణువులను) ఎంతవరకు కదలనిస్తాయో చూడాలనేది నా పని. తెల్లవారి ఐదింటికి మటన్ అంగడికి పోయి సిట్రేట్ వేసిన సీసాలో గొర్రె రక్తం పట్టుకొచ్చి, కణాలు కడిగి, 5 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో పగలగొట్టి, ఎరుపంతా పోయి తెల్లబడేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి ఘోస్టులు, అంటే లోపలి సరుకు పోయి మిగిలిన ఖాళీ పొరలు, తీశాను. వాటికి స్పిన్ లేబుల్‌గా, అంటే కదలికను చూపే గుర్తుగా, 5వ కార్బన్ మీద జతలేని ఎలక్ట్రాన్ ఉన్న 5-డాక్సిల్ స్టియరిక్ యాసిడ్‌ను ఇథనాల్‌లో కరిగించి కలిపాను. మా దగ్గర ఆ ఎలక్ట్రాన్ సిగ్నల్‌ను అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్‌తో చూసే ఈపీఆర్ మిషన్ లేదు, అందుకే థర్మాకోల్ డబ్బాలో ఐస్ వేసుకుని రాత్రి బస్సులో హైదరాబాద్ పోయి తీయించుకొచ్చాను.

వెడల్పాటి స్పెక్ట్రం వచ్చింది, అంతవరకు బాగుంది. కానీ దాని మీద మూడు సన్నటి పొడుగాటి గీతలు నిలబడ్డాయి, ఒకదానికొకటి సుమారు 16 గాస్ (అయస్కాంత క్షేత్రం కొలత) దూరంలో. ఇవి పొరలో వేగంగా తిరిగే లిపిడ్లవేనా? అట్లయితే వెడల్పు భాగమంతా ప్రొటీన్ పట్టుకున్న లిపిడ్లదని రాసుకోవచ్చా? ఇంకోటి, అదే రోజు చేసిన రెండో శాంపిల్‌లో సిగ్నల్ సగం కూడా లేదు. నెలాఖరుకి రిపోర్ట్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కర్నూలు_ల్యాబ్:
తమ్ముడూ, ఇప్పుడే ఏమీ రాయొద్దు. ఆ మూడు గీతలు పొరలోవి కావు, నీళ్ళలోవి అని నా అనుమానం. నైట్రాక్సైడ్ (లేబుల్‌లో జతలేని ఎలక్ట్రాన్ ఉన్న భాగం) నీళ్ళలో స్వేచ్ఛగా తిరుగుతుంటే గీతల మధ్య దూరం 16 గాస్‌కు దగ్గరగా ఉంటుంది, పొర లోపలి నూనె లాంటి చోట అది 14 చిల్లరకు తగ్గుతుంది. నువ్వు చెప్పిన దూరమే ఆ సంగతి చెబుతోంది. పొరలోకి దూరని లేబుల్ బఫర్‌లో మిగిలిపోయింది. రుజువు సులభం: శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున కూర్చున్న పెలెట్ పక్కన పెట్టి, పైన తేరిన బఫర్ ఒక్కదాన్నే క్యాపిలరీలో తీసుకుని స్పెక్ట్రం తీయించు. అవే మూడు గీతలు అక్కడా కనిపిస్తే ఇక చర్చ అక్కర్లేదు. లేబుల్ ఎంత వేశావో కూడా చూసుకో, లిపిడ్‌లో నూటికి ఒక మోల్ దాటకుండా ఉంటే మంచిది. ఎక్కువైతే లేబుళ్ళు ఒకదానికొకటి తగులుకుని గీతలు ఉబ్బిపోతాయి, అప్పుడు ఆ వెడల్పు ప్రొటీన్ వల్ల వచ్చిందో నీ చెయ్యి బరువు వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

సిగ్నల్ తగ్గడం గురించి. రక్తకణంలో గ్లూటాథయోన్, ఆస్కార్బేట్ లాంటివి ఉంటాయి, కడగడంలో కొంచెం మిగిలినా దారి పొడవునా నైట్రాక్సైడ్‌ను హైడ్రాక్సిలమీన్‌గా మార్చేస్తుంటాయి, దానికి ఈపీఆర్‌లో సిగ్నల్ ఉండదు. రెండో శాంపిల్ ఒక కడుగు తక్కువ పడి ఉంటుంది. ఈసారి ఘోస్టులు మాత్రం ఐస్‌లో తీసుకుపో, లేబుల్ మాత్రం మిషన్ పక్కనే కలుపు. నేను మూడేళ్ళు ఇట్లాగే బస్సులో శాంపిళ్ళు మోశాను, ఇంట్లో లేబుల్ కలిపి తీసుకుపోయిన ప్రతిసారీ నష్టమే. ఇంకో మాట, లావు ట్యూబులో పోయొద్దు, మైక్రోవేవ్‌ను నీళ్ళు తాగేస్తాయి. సన్నటి గాజు క్యాపిలరీ చాలు.

కడప_లెక్చరర్:
పై సలహాలన్నీ సరైనవే. నేను అసలు ప్రశ్న దగ్గరికి వస్తాను, ఎందుకంటే గీతలు శుభ్రమయ్యాక కూడా "వెడల్పు అంటే ప్రొటీన్ పట్టుకున్నది" అని రాస్తే తప్పే.

నైట్రోజన్ కేంద్రకం స్పిన్ 1, అందుకని మూడు గీతలు. అణువు కదలకుండా ఉంటే ఒక అక్షం వైపు గీతల మధ్య దూరం సుమారు 32 గాస్, మిగతా రెండు వైపులా 6 చొప్పున. గిరగిరా తిరిగితే మూడూ కలిసి సగటు 15 దగ్గరికి వస్తుంది. ఇప్పుడు నీ లేబుల్ 5వ కార్బన్ మీద ఉంది, అంటే అణువు నీళ్ళవైపు ఉండే తలకు దగ్గరగా. అక్కడ కార్బన్ల గొలుసు, పక్కన ప్రొటీన్ లేకపోయినా, బిగుసుకునే ఉంటుంది, కాబట్టి ప్రొటీన్ పక్కన ఉన్నదీ దూరంగా ఉన్నదీ రెండూ వెడల్పుగానే కనిపిస్తాయి, విడదీయడం కష్టం. 14 లేదా 16వ కార్బన్ మీద లేబుల్ ఉన్నది వాడు. గొలుసు చివర మామూలుగా వదులుగా ఆడుతుంటుంది, అక్కడ కూడా బిగుసుకున్న భాగం విడిగా కనిపిస్తే అప్పుడు ప్రొటీన్‌ను అనుమానించవచ్చు.

1973లో జోస్ట్, గ్రిఫిత్ వాళ్ళు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే పొర ప్రొటీన్ మీద చూసింది ఇదే. లిపిడ్ తగ్గించుకుంటూ పోతే ఒక మిల్లీగ్రాము ప్రొటీన్‌కు దాదాపు 0.2 మిల్లీగ్రాముల లిపిడ్ బిగుసుకునే ఉండిపోయింది. ప్రొటీన్ చుట్టూ ఒక వరుస అన్నమాట. ఆ తర్వాత డ్యుటీరియం ఎన్ఎంఆర్ (లిపిడ్‌లో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి దాని కేంద్రకం సిగ్నల్ చూసే పద్ధతి) చేసినవాళ్ళకు అట్లాంటి రెండు రకాలు కనిపించక చాలా వాదన నడిచింది. కదిరి తేరు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేరును ఆనుకున్నవాళ్ళు అంగుళం మెసలలేరు, వీధి చివర్లో ఉన్నవాళ్ళు హాయిగా తిరుగుతుంటారు, కానీ తేరు పక్కన ఉన్న మనిషి రోజంతా అక్కడే ఉండడు, అతను తప్పుకుంటే ఇంకొకరు ఆ చోట్లోకి వస్తారు. మేడ మీద నుంచి క్షణంలో ఫొటో కొడితే రెండు గుంపులు తేడాగా పడతాయి, షట్టర్ చాలాసేపు తెరిచి పెడితే అందరూ కలిసిన మసకే. లిపిడ్లు ఆ చోటు మారేది సెకనుకు కోటి సార్ల స్థాయిలో. ఈపీఆర్ షట్టర్ దానికంటే వేగం, డ్యుటీరియం ఎన్ఎంఆర్ షట్టర్ చాలా నెమ్మది. ఇద్దరూ చూసింది నిజమే. అందుకే "పట్టుకున్న లిపిడ్" అని నేను రాయను, మా విద్యార్థులను రాయనివ్వను. ప్రొటీన్ పక్కన కాసేపు మెల్లబడిన లిపిడ్, అంతే.

నీకు తప్పకుండా కావలసిన కంట్రోల్ ఒకటుంది. అవే ఘోస్టుల నుంచి క్లోరోఫాం-మిథనాల్‌తో లిపిడ్ లాగి, ప్రొటీన్ లేకుండా లైపోజోములు (లిపిడ్ పొరతో చేసిన చిన్న సంచులు) చేసి, అదే లేబుల్‌తో, అదే ఉష్ణోగ్రతలో తీయించు. గొర్రె కణాల పొరలోని లిపిడ్లలో ఫాస్ఫటిడైల్‌కోలీన్ చాలా తక్కువ, స్ఫింగోమైలిన్ ఎక్కువ, దాంతో అది సహజంగానే గట్టి పొర. ఈ కంట్రోల్ లేకపోతే లిపిడ్ గట్టిదనాన్ని ప్రొటీన్ ఖాతాలో వేస్తావు. ఉష్ణోగ్రత సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మే నెలలో మన ఊళ్ళలో గది వేడి ఎంతో తెలుసుగా, "రూమ్ టెంపరేచర్" అని రాస్తే దానికి విలువే లేదు.

కర్నూలు_ల్యాబ్:
మేడమ్, తేరు మాట చాలా బాగుంది, మా పిల్లలకూ చెబుతాను. ఒకటి కలుపుతాను. సిగ్నల్‌ను చంపే ఆస్కార్బేట్‌నే 1971లో కోర్న్‌బర్గ్, మెకానెల్ పనిముట్టుగా వాడుకున్నారు. వెసికిల్ అనే చిన్న లిపిడ్ సంచి బయటి పొరలో ఉన్న లేబుళ్ళను దాంతో ఆర్పేసి, లోపలివి ఎంతసేపటికి బయటికి పల్టీ కొడతాయో కొలిచారు. 30 డిగ్రీల దగ్గర సగం మారడానికి ఆరున్నర గంటలు పట్టింది. తమ్ముడి రెండో శాంపిల్‌లో జరిగింది చెడ్డదేమీ కాదు, అదుపు లేకుండా జరిగింది, అంతే. నైట్రాక్సైడ్‌ను మోసే డాక్సిల్ ఉంగరం కూడా చిన్నదేమీ కాదని గుర్తుపెట్టుకో, గొలుసు మధ్యలో అది ఇరుక్కుని చుట్టుపక్కల కొంచెం చెదరగొడుతుంది. ఒక్క లేబుల్ సంఖ్యను నమ్మొద్దు, రెండు మూడు స్థానాలతో చూసి పోల్చు.

అనంత_బయోకెమ్:
అన్నా, మేడమ్, మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. పైన తేరిన బఫర్ ఒక్కదాన్నే తీయించాను, అవే మూడు గీతలు, అదే 16 గాస్. రిపోర్ట్‌లో ఆ పేరా కొట్టేసి జరిగింది జరిగినట్టు రాశాను, మా సార్ ఒప్పుకున్నారు. ఈసారి లేబుల్ అక్కడే కలిపాను, రెండు శాంపిళ్ళ సిగ్నల్ సమానంగా వచ్చింది. 16-డాక్సిల్‌తో, కడిగిన పెలెట్ మీద, ఎడమవైపు గీత బయటి అంచున చిన్న భుజం లాంటిది లేచింది. లైపోజోముల్లో అది ఉందో లేదో ఇంకా తెలియదు. లిపిడ్ తీసి నైట్రోజన్ కింద ఫ్రీజర్‌లో పెట్టాను, సోమవారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాను.