పుట్టగొడుగు కూరగాయేనా? మా ఇంట్లో తేలడం లేదు

గోదారి పిల్ల:
మా ఇంట్లో మాంసం వండరు. మొన్న మార్కెట్ నుంచి పుట్టగొడుగుల ప్యాకెట్ తెస్తే మా అత్తయ్యగారు వంటింట్లోకి రానివ్వలేదు. "అదీ నీచు లాంటిదేనమ్మా" అన్నారు. మావారేమో "అది మొక్కే కదా, చిన్నప్పుడు వృక్షశాస్త్రంలోనే చదివాం" అంటారు. ఎవరిది కరెక్టు?

తెల్లకోటు:
మీవారిది మాత్రం కాదండి. వృక్షశాస్త్రం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మొక్క అయిపోదు. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులను ఐదు రాజ్యాలుగా విభజించినప్పుడే శిలీంధ్రాలకు, అంటే పుట్టగొడుగులూ బూజులూ ఉండే ఫంగస్ జాతికి, విడిగా ఒక రాజ్యం ఇచ్చారు. వీటికి పత్రహరితం లేదు, ఎండతో ఆహారం చేసుకోలేవు. కణం గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదీ అదే. మొక్కలు పిండిపదార్థం దాచుకుంటే ఇవి మన కాలేయంలాగా గ్లైకోజన్ దాచుకుంటాయి. మొక్కలకన్నా జంతువులకే ఇవి దగ్గరి చుట్టాలని జన్యువుల పోలికలో 1993లోనే ఆధారాలు దొరికాయి.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? ఆ మందు ఫంగస్ కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వులాంటి పదార్థాన్ని పట్టుకుంటుంది. మన కణాల్లోని కొలెస్టెరాల్ కూడా దాదాపు అలాంటిదే, అందుకే ఆ మందుతో కిడ్నీలకూ ముప్పు. చుట్టరికం అంత దగ్గరిది.

గడ్డివాము:
చుట్టరికం ఉంటే మాంసమైపోతుందా సార్? మూడేళ్లుగా ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. వరిగడ్డిని ముక్కలు కొట్టి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, తడి ఆరాక సంచిలో పొరలు పొరలుగా నింపుతూ మధ్యలో స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లుతాం. రెండు మూడు వారాలకు సంచంతా తెల్లగా దూదిలా అల్లుకుంటుంది. నొక్కి చూస్తే గట్టిగా ఉంటుంది. విప్పితే గడ్డి రాలదు, ఎవరో దారంతో కుట్టేసినట్టు ముద్దగా వస్తుంది. అసలు జీవి ఆ దారాలే. మనం కోసేది దాని కాయలాంటిది. కోశాక వారం పది రోజులకు మళ్లీ కాస్తుంది. రక్తం లేదు, నరం లేదు. దాన్ని నీచు అంటే నాకు కష్టంగా ఉంటుంది.

తెల్లకోటు:
మాంసం అని నేను అనలేదండి, మొక్క కాదన్నాను. మీ ముత్యపుచిప్ప సంగతే చూడండి. అడవిలో అది బతికేది కట్టె మీద, కట్టెలో నత్రజని బాగా తక్కువ. అందుకని ఆ దారాలు నులిపురుగులను విషంతో కదలకుండా చేసి, వాటి ఒంట్లోకి చొరబడి అరిగించుకుంటాయి! నోరూ కడుపూ లేకుండానే. ఎంజైములు బయటికి వదిలి, తిండిని బయటే కరిగించి పీల్చుకోవడం వాటి పద్ధతి. వరికి అగ్గితెగులు తెచ్చేదీ, రొట్టెను పొంగించే ఈస్టూ, పెన్సిలిన్ ఇచ్చిన బూజూ అన్నీ ఈ రాజ్యానివే. ఇప్పటికి పేరు పెట్టినవి సుమారు లక్షన్నర జాతులు. మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉంటాయని 2017 నాటి అంచనా. ఇన్నిటినీ మొక్కల పాఠం చివర్లో రెండు పేజీలకు కుదిస్తే పిల్లలకు ఏం తెలుస్తుంది?

పుట్టమన్ను:
వంటింట్లోకి రానివ్వాలా వద్దా అన్నది కైటిన్ తేల్చదు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో పుట్టగొడుగులు వద్దన్న మాట ఉంది, కానీ అక్కడ వాటిని చెప్పింది ఉల్లి, వెల్లుల్లితో కలిపి. అత్తయ్యగారి పట్టింపు అలా వచ్చిందేమో.

మా ఊళ్లో తొలకరికి పుట్టకొక్కులు లేచేవి. మా నాయనమ్మ వాటిని పీకనిచ్చేది కాదు, పుల్లతో చుట్టూ తవ్వమనేది. కాడ జానెడు లోతు దిగినా అయిపోదు, సన్నబడుతూ పుట్టలోకి పోతుంది. ఆ కింద చెదపురుగుల తోట. నమిలిన కట్టెతో స్పాంజిలా కట్టిన ముద్ద, దాని మీద ఆవగింజలంత తెల్లటి గుండ్లు. చెదలు తమంతట తాము అరిగించుకోలేని కట్టెను ఆ శిలీంధ్రం మెత్తబరిచి పెడుతుంది, చెదలు దానికి ఇల్లూ తిండీ ఇస్తాయి. ఈ కాపురం గురించి చదవకముందే మనవాళ్లు పేరులో పుట్టను పెట్టుకున్నారు. ఒక్క మాట, పక్కనే లేచే కుక్కగొడుగులను మాత్రం తెలిసినవాళ్లు చూడకుండా వండకండి. విషం ఉన్నదేదో రంగు చూసి చెప్పలేం.

గోదారి పిల్ల:
అన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. రొయ్య పెంకు దగ్గర "చూశావా" అన్నారు. ఉల్లి, వెల్లుల్లి దగ్గర కాసేపు మాట్లాడలేదు, మా ఇంట్లో రోజూ ఉల్లిపాయ వాడతాం మరి. చివరికి పెరట్లో పొయ్యి మీద, వేరే గిన్నెలో వండుకోమన్నారు. ఆవిడ మాత్రం తినరట. గడ్డివాముగారూ, కాడలు కూడా వేయొచ్చా, తీసేయాలా?