వేటకూ చేపలకూ ఎక్కడ ఇల్లు తీసుకోవాలి: మోంటానాలోనా, మిన్నెసోటాలోనా?

అందరికీ నమస్కారం. ఇప్పుడు నా ఉద్యోగం పూర్తిగా ఇంటి నుంచే. అందుకే అమెరికాలో వేటకూ చేపలకూ దగ్గరగా ఉండే ఊరికి మారదామనుకుంటున్నాం. ఈ రెండు రాష్ట్రాల మధ్య తేల్చుకోలేకపోతున్నాం.

నా మనసు మోంటానా మీదే ఉంది. కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింకలు, నదుల్లో ట్రౌట్ చేపలు. పైగా పబ్లిక్ దారిలో నదిలోకి దిగితే చాలు, గట్టు ఎవరిదైనా సరే, నీటి హద్దు దాటకుండా నడుస్తూ గాలం వేసుకోవచ్చు. స్థానికుల లైసెన్సు కావాలంటే మాత్రం వరసగా 180 రోజులు అక్కడ ఉండాలి. మిన్నెసోటాలో 60 చాలు. నా అసలు టెన్షన్ వేరే. మ్యాప్‌లో ప్రభుత్వ భూమి బోలెడంత కనిపిస్తుంది. తీరా చూస్తే కొన్నిచోట్ల చుట్టూ ప్రైవేటు రాంచ్‌లే (పశువుల పెంపకం భూములే), లోపలికి దారే లేదు.

మా ఆవిడ ఓటు మిన్నెసోటాకే. గడ్డకట్టిన సరస్సు మీద కన్నం తొలిచి వాలై చేపలు పట్టడమంటే ఆమెకు ప్రాణం. కానీ అక్కడ ఎల్క్ పర్మిట్లు లాటరీలో చాలా కొద్దిమందికే వస్తాయి.

మోంటానాలో ఉంటున్నవాళ్ళు దయచేసి చెప్పండి. ఇంటి నుంచి గంటలోపు వెళ్ళగలిగేలా, నిజంగా దారి ఉన్న ప్రభుత్వ భూమి అక్కడి మిస్సోలా ఊరి దగ్గర ఎక్కువా, లూయిస్‌టౌన్ దగ్గరా? నవంబరులో ఆ రోడ్లు ఎలా ఉంటాయి?