అప్‌డేట్: మా రాజుగాడి పొట్టలో పురుగుల సంగతి

పోయిన నెల అడిగాను కదా, మిర్యాలగూడలో మా ఇంటికి తెచ్చిన 3 నెలల ఊరకుక్క పిల్ల రాజుగాడికి పొట్ట ఉబ్బి, తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుంటున్నాయి, ఏం చేయాలని. చాలామంది పశువుల దవాఖానకి తీసుకెళ్లమన్నారు, వెళ్లాం.

ఆ గింజలు బద్దెపురుగు ముక్కలట. మలం పరీక్ష చేస్తే ఏలికపాముల గుడ్లు కూడా కనిపించాయి. డాక్టర్ ముందు బరువు తూచి, దాన్ని బట్టే ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ అనే పురుగుల మందులు కలిసిన మాత్ర ఇచ్చారు. నేనేమో అంతకుముందు మనుషుల పురుగుల మాత్ర సగం విరిచి వేద్దామనుకున్నాను, అలా చేయనందుకు ఇప్పుడు ఎంత హాయిగా ఉందో! మర్నాడు పురుగులు పడ్డాయి, చూసి మా అమ్మ భయపడింది కానీ మందు పనిచేస్తే అట్లనే పడతాయన్నారు. 15 రోజులకి రెండో డోసు వేశాం. 6 నెలలు వచ్చేదాకా నెలకోసారి, తర్వాత 3 నెలలకోసారి వేయమన్నారు.

నాకు తెలియని ముఖ్యమైన విషయం ఇంకోటి: బొచ్చులో గెంతే ఫ్లీ పురుగుల్ని కుక్క మింగితే బద్దెపురుగు మళ్లీ వస్తుంది, అందుకే వాటికీ మందు వేశాం, పడుకునే గోనెసంచి కూడా వేడినీళ్లలో ఉడకబెట్టాం. మా అన్న పిల్లలు వాడితో మట్టిలోనే ఆడతారు, ఏలికపాము గుడ్లు మట్టి నుంచి వాళ్లకీ అంటవచ్చు కాబట్టి మలం రోజూ తీసేస్తున్నాం, పిల్లల చేతులు సబ్బుతో కడిగిస్తున్నాం. ఇప్పుడు పొట్ట తగ్గింది, జొన్నరొట్టె ముక్క చూస్తే ఉరికొస్తున్నాడు.