కావేరిలో మహశీర్ గాలపు క్యాంపులు మళ్లీ తెరవాలా?

గాలం_రాజు: కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె దగ్గర మహశీర్ అనే పెద్ద నదిచేపను గాలంతో పట్టి, తూచి, ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలే క్యాంపులు ఉండేవి. అభయారణ్యంలో అదీ వేటేనని 2012లో ఆపేశారు. నేను తెరవాలంటాను. దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లకే అక్కడ గైడ్ల పని ఇచ్చారు, వాళ్లే కాపలా కాశారు. ఇప్పుడు మడుగుల్లో తోటాలు పేల్చినా అడిగేవాడు లేడు.

మడుగు_లోతు: అన్నా, కాపాడింది ఏ మహశీర్‌ను? కావేరిది మూపురం మహశీర్. ఈ నదిలో, దీని ఉపనదుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. 1946లో కబినిలో 120 పౌండ్లది దొరికింది. 1970ల నుంచి మహారాష్ట్రలోని లోనావాలాలో, చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో పెంచిన నీలిరెక్కల మహశీర్ పిల్లల్ని తెచ్చి ఇందులో వదిలారు. 1998 నుంచి 2012 దాకా గాలిబోరె క్యాంపులో పట్టిన చేపల లెక్కల్లో నీలిరెక్కలది పెరుగుతూ, మూపురంది తగ్గుతూ పోయాయి. 2018లో మూపురందాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు.

నెల్లూరు_చేప: నీలిరెక్కలది కృష్ణా ఎగువ నదుల చేపే కదా? మన చేప అక్కడ పెరిగితే తప్పేంటి?

మడుగు_లోతు: మనదైతే ఎక్కడైనా వదిలేయొచ్చా? ఒకే మడుగు, ఒకే తిండి. కొత్తది లక్షల్లో వచ్చి పడితే పాతది ఎక్కడికి పోవాలి?

గాలం_రాజు: ఆ లెక్కలు రాసింది ఎవరు? గాలం వేసినవాళ్లే. ఆ పుస్తకాలు లేకపోతే మూపురంది తగ్గిందని మీకు తెలిసేదే కాదు.

మడుగు_లోతు: తెలిశాక ఏం చేశారు? ఈ చేపకు రాళ్ల మధ్య ఉరికే నీరు కావాలి, వానాకాలంలో గుడ్లు పెట్టడానికి పైకి ఎక్కే దారి కావాలి, ఎండాకాలంలో దాక్కునే లోతు కావాలి. పైన ఇప్పటికే కన్నంబాడి (కృష్ణరాజసాగర్) ఆనకట్ట ఉంది. కర్ణాటక ప్రతిపాదించినట్టు మేకెదాటు దగ్గర 67 టీఎంసీల ఆనకట్ట కడితే అభయారణ్యంలో పారే నది చాలా దూరం చెరువైపోతుంది. దాని గురించి ఒక్క ముక్క రాయరేం?

గాలం_రాజు: నేను అడిగింది క్యాంపుల గురించి. ఆనకట్టకు వేరే చర్చ పెట్టుకోండి.

హొసూరు_పుట్టి: మా మామయ్య కావేరిలో పుట్టి నడిపేవాడు. ఇంట్లో కూరకని వల వేస్తే ఒక ఉద్యోగి దాన్ని కోసి పారేసి జరిమానా రాశాడు. ఆ రోజుల్లోనే మీ క్యాంపుల్లో డబ్బున్నవాళ్లు అదే చేపను చేతుల్లో పట్టుకుని ఫొటోలు దిగారు.

గాలం_రాజు: వలలో పిల్లచేపలూ పోతాయండీ. మేం వదిలేస్తాం.

హొసూరు_పుట్టి: తోటా పేల్చినవాడినీ, పొయ్యి మీదకు రెండు చేపలు పట్టినవాడినీ ఒకే గాటన కట్టకండి!

గాలం_రాజు: అయితే మీ కోపం చేప కోసం కాదు, మా డబ్బు మీద.

మడుగు_లోతు: గాలం వద్దు, వలా వద్దు. కొన్నేళ్లు నదిని ఎవరూ ముట్టుకోకూడదు.

హొసూరు_పుట్టి: చూశారా, ఆయనకు క్యాంపు కావాలి, మీకు కంచె కావాలి. ఏ మడుగులో గుడ్లు పెడుతుందో, ఏ నెలలో వల తీసేయాలో ఒడ్డున ఉన్నవాళ్లను ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా? నా గొడవ అదే.

గాలం_రాజు: అడుగుదాం, నాకేం అభ్యంతరం లేదు. రాత్రి కాపలా కాసేవాడికి జీతం ఎవరిస్తారో కూడా చెప్పండి.

హొసూరు_పుట్టి: ఆ ఉద్యోగం మా వాళ్లకు ఇవ్వండి, జీతం అటవీ శాఖ ఇవ్వాలి. మీ క్యాంపు దయ మీద వద్దు.