పల్లీ అలర్జీకి ఓరల్ ఇమ్యునోథెరపీ: పిల్లలకు చేయించినవాళ్లు చెప్పండి

డాలస్_అమ్మ: బాబుకి అయిదేళ్లు. అలర్జిస్ట్ పల్లీ ఓఐటీ (ఓరల్ ఇమ్యునోథెరపీ, అంటే పడని పదార్థాన్నే డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించడం) మొదలుపెడదామంటున్నారు. ఇన్సూరెన్స్ ఇస్తుందా? వేసవిలో ఇండియా వెళ్తే డోసుల సంగతేంటి? మా అత్తగారేమో ఇంట్లోనే చిటికెడు చిటికెడు పల్లీ పొడి అలవాటు చేద్దామంటున్నారు.

న్యూజెర్సీ_నాన్న: మా పాప 300 మిల్లీగ్రాముల పల్లీ ప్రొటీన్ మెయింటెనెన్స్‌కి (డోస్ ఇక పెంచకుండా రోజూ అంతే ఇచ్చే దశ) వచ్చేసిందండీ. ఇంచుమించు రోజుకో పల్లీ గింజ! బర్త్‌డే పార్టీ అంటే ఇప్పుడు టెన్షన్ లేదు. అలర్జీ పోయినట్టు కాదు, పొరపాటున తగిలితే తట్టుకుంటుంది. మా అమ్మ మాత్రం పల్లీ చట్నీ ఎప్పుడు పెడతారని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

గోదారోడు: అత్తగారు అన్నదాంట్లో తప్పేముంది? మేం వేరుశనగ గుళ్లు జేబుల్లో పోసుకుని తింటూ పెరిగాం. ఇదంతా అమెరికా గాలి.

వానచినుకు: మీ జేబుల సంగతి మాకెందుకండీ? ఓఐటీ కోసం కొలిచి తయారుచేసిన పల్లీ పొడి మందు పాల్‌ఫోర్జియాలో మొదటి డోసు అర మిల్లీగ్రాము ప్రొటీన్. చిటికెడులో అది కొలిచి చూపించండి.

గోదారోడు: 2015లో లండన్‌లో పసిపిల్లల మీద చేసిన లీప్ అనే పల్లీ అలర్జీ స్టడీ ఏం చెప్పింది? ముందే పెడితే అలర్జీ చాలావరకు రాదనేగా? చదువుకుని మాట్లాడండి.

ఫార్మా_బావ: ఏళ్ల తరబడి ఈ ఫీల్డ్‌లో ఉన్నాను, నన్ను చెప్పనివ్వండి. లీప్‌లో చేరినవాళ్లు 4 నుంచి 11 నెలల పిల్లలు. స్కిన్ టెస్ట్‌లో పెద్ద దద్దు లేచినవాళ్లను తీసుకోలేదు. లీప్ అంటే అలర్జీ రాకుండా ఆపడం, ఓఐటీ అంటే వచ్చాక చూసుకోవడం. అయినా 2024లో జోలెయిర్ ఇంజెక్షన్‌కి ఫుడ్ అలర్జీల కోసం ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చాక ఇంకా ఓఐటీ ఎవరు చేయిస్తున్నారు?

న్యూజెర్సీ_నాన్న: మేం చేయించాం సార్. పైన రాసింది చదివారా?

పాలపిట్ట: ఎంతసేపూ పల్లీ గోలేనా? మావాడికి పాలు పడవు. పాలు కలిపి బేక్ చేసిన మఫిన్ ముక్కను డాక్టర్ ఎదురుగా తినిపించి మొదలెట్టాం. పెరుగన్నం ఇంకా కలే.

గోదారోడు: పాలు పడకపోతే లాక్టేజ్ మాత్ర వేస్తే సరి.

పాలపిట్ట: అది లాక్టోజ్ (పాలలోని చక్కెర) అరగనివాళ్లకండీ బాబూ! మావాడిది అలర్జీ, పెదాలు వాచి ఊపిరాడక ఎమర్జెన్సీకి పరిగెత్తాం. తెలియకపోతే ఊరుకోండి.

డాలస్_అమ్మ: ఇండియా ప్రయాణం గురించి ఎవరైనా...?

వానచినుకు: డోస్ పెంచే రోజుల్లో వెళ్లకండి, మెయింటెనెన్స్‌లో పడ్డాక వెళ్లండి. జ్వరమొస్తే డాక్టర్‌ని అడగందే డోస్ ఇవ్వొద్దు. డోస్ తిన్న వెంటనే పరుగులు, వేడినీళ్ల స్నానం వద్దు. మావాడు తినేసి సాకర్‌కి పోయాడు, ఒళ్లంతా దద్దుర్లు. ఎపిపెన్‌లు (అలర్జీ తీవ్రమైతే వేసే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులు) రెండూ చేతిసంచీలోనే, చెక్‌-ఇన్‌లో వేయకండి.

ఫార్మా_బావ: ఇండియాలో ఎపిపెన్ అంత తేలిగ్గా దొరకదు, అది నేనే చెబుదామనుకున్నాను.

కొత్తవాడు: పాలపిట్ట గారూ, ఆ మఫిన్ రెసిపీ పెడతారా?

పాలపిట్ట: పెట్టను. ఎంత పాలు, ఎంతసేపు బేక్ చేయాలన్నది మీ డాక్టర్ చెప్పాలి.