వినికిడి నార్మలే, అయినా బాబుకి మాట అందట్లేదు. ఇంట్లో ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. వినికిడి పరీక్ష చేయిస్తే అంతా బాగుందన్నారు. కానీ ఏం చెప్పినా "ఆఁ? ఏంటి?" అంటాడు. "బ్యాగ్ సర్దుకుని, సీసాలో నీళ్లు నింపుకుని, బూట్లు వేసుకో" అంటే బూట్లు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతాడు. మరిన్ని పరీక్షలు చేసి, ఇది ఆడిటరీ ప్రాసెసింగ్ సమస్య అన్నారు ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు). నిన్న కావాలనే వినట్లేదనుకుని అరిచేశాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

జవాబు: మా పాపదీ ఇదే సమస్యండి. నేనూ అరిచినదాన్నే. చెవికి శబ్దం అందుతుంది, దాన్ని మాటగా పోల్చుకోవడంలోనే మెదడు తడబడుతుంది. "పాట" అన్నది "బాట"లా వినిపిస్తే, గొంతు పెంచినా బాటలాగే వినిపించొచ్చు.

మాట్లాడే ముందు టీవీ కట్టేయండి, కుళాయి ఆపండి. మా ఇంట్లో ఎక్కువ తేడా తెచ్చింది ఇదే. పక్క గదిలోంచి కేకేయకుండా దగ్గరికెళ్లి, భుజం తట్టి, మీ వైపు తిరిగాక మొదలుపెట్టండి. ఒక్క పనే చెప్పండి, అది అయ్యాకే రెండోది. "అర్థమైందా?" అంటే అందరు పిల్లలూ ఊఁ అనేస్తారు. "ఇప్పుడేం చేస్తావు?" అని అడగండి, ఎంత అందిందో తెలిసిపోతుంది. అందకపోతే అదే వాక్యం మళ్లీ అనకుండా చిన్న మాటల్లో మార్చి చెప్పండి.

మేం గుమ్మం పక్కన ఒక కాగితం అంటించాం. బ్యాగు, సీసా, బూట్లు, వరసగా మూడు బొమ్మలు. పాప ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూసుకుంటూ తనే తయారవుతుంది. బడి నుంచి రాగానే మాత్రం ఏమీ అడగం. రోజంతా చెవులు రిక్కించి విని వస్తారు కదా, పాపం అలసిపోతారు.

ప్రశ్న: చాలా థ్యాంక్సండి. మరి క్లాసులో?

జవాబు: టీచర్‌కి దగ్గరగా, తలుపుకీ కిటికీకీ దూరంగా కూర్చోబెట్టమని అడగండి. టీచర్ చిన్న మైకు పెట్టుకుంటే ఆ గొంతు నేరుగా పిల్లవాడి చెవికి చేరే పరికరాలున్నాయి, మీ బాబుకి పనికొస్తాయేమో ఆడియాలజిస్టుని అడగండి. ఏకాగ్రత, భాష సమస్యలు కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి. ఆ పరీక్షలు ఇంకా కాకపోతే స్పీచ్ థెరపిస్టుకీ, పిల్లల డాక్టరుకీ చూపించండి. రేపు పొద్దున్నే అన్నీ కాదు, ఆ మూడు బొమ్మలతో మొదలుపెట్టండి. బొమ్మలు బాబు చేతే గీయించండి.