యోసేపు కన్నతండ్రి కానప్పుడు యేసు దావీదు సంతానం ఎలా అయ్యారు?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు పాఠం చెబుతాను. క్రిస్మస్ పాఠానికి మత్తయి మొదటి అధ్యాయం తీసినప్పుడు ఇంటర్ చదివే అమ్మాయి పై ప్రశ్న అడిగింది. అప్పటినుంచి నాకూ మనసు నిలవడం లేదు.

మత్తయి రాసిన యేసు వంశావళి దావీదు రాజు మీదుగా 1:16లో మరియ భర్త యోసేపు దగ్గరికి వస్తుంది. 1:18కి వచ్చేసరికి మరియ పరిశుద్ధాత్మ వలన గర్భవతి అని ఉంది. కన్యక గర్భాన్ని దేవుడు చేయలేడని నా సందేహం కాదు. అది నమ్ముతాను. చిక్కంతా వంశం దగ్గరే.

పాస్టరు గారిని అడిగితే లూకా 3లోది మరియ వంశావళి అన్నారు. తీసి చూస్తే 3:23లో యోసేపు పేరే ఉంది, మరియ పేరు లేదు. పైగా యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. యోసేపే బిడ్డకు పేరు పెట్టాడు కాబట్టి (మత్తయి 1:25) ధర్మశాస్త్రం ప్రకారం కొడుకే అని మా మామయ్య చెప్పారు. ఇది కొంత నచ్చింది. కానీ రోమా 1:3లో పౌలు "శరీరమునుబట్టి" దావీదు సంతానం అంటున్నాడే! దత్తతకు ఆ మాట సరిపోతుందా అని మళ్లీ అక్కడే ఆగిపోయాను. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఆ పిల్లకి మాత్రం "ఊరికే నమ్మమ్మా" అని చెప్పలేను, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

కన్యక గర్భాన్ని నమ్ముతూనే వాక్యం లోతుగా చదివినవారు చెప్పండి: రోమా 1:3ని మీరు ఎలా అర్థం చేసుకున్నారు?